అమ్మానాన్నకు కాలిఫోర్నియా పెద్ద చెట్ల అడవి చూపించాలి: ఏ పార్కు, ఎన్ని రోజులు, మోకాళ్ల నొప్పితో కుదురుతుందా?

నెల్లూరు_మొలగొలుకులు అడిగారు:

అందరికీ నమస్తే. అమ్మానాన్న జూలైలో చెన్నైలో ఫ్లైట్ ఎక్కి శాన్ హోసేలో అన్న దగ్గరికి పోతున్నారు. నాన్న ఫారెస్టు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యారు, ఉదయగిరి, రాపూరు అడవులన్నీ తిరిగిన మనిషి. ఊళ్లు వద్దు, షాపింగ్ వద్దు, ఆ వేల ఏళ్ల చెట్లు చూపిస్తే చాలంటున్నారు. ఆయనకు 69, బీపీ మాత్ర వేసుకుంటారు, నడక బాగుంది. అమ్మకు 64, మోకాళ్లు అరిగాయి. చదునుగా ఉంటే మైలు దాకా నిదానంగా నడుస్తుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ ఇబ్బంది. కారులో ఘాట్ రోడ్డు అంటే వాంతులు.

అన్నకు దొరికేది ఒక శని, ఆదివారం, ఇంకోసారి మూడు రోజుల సెలవు. మ్యూర్ వుడ్స్, సెక్వోయా, యోసెమిటీ, ఉత్తరాన రెడ్‌వుడ్ నేషనల్ పార్కు అని తలా ఒక పేరు చెబుతున్నారు. ఏది ఎంచుకోవాలి? టిక్కెట్లు ముందే తీసుకోవాలా? బట్టలు, తిండి సంగతేంటి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

సింగరాయకొండ_ప్యాసింజర్:

ముందు ఒకటి తేల్చుకోండి. ఆ పెద్ద చెట్లు రెండు రకాలు, రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. సముద్రం పక్కన, పొగమంచు పట్టే లోయల్లో పెరిగేది కోస్ట్ రెడ్‌వుడ్. ఎత్తులో దాన్ని మించిన చెట్టు భూమ్మీద లేదు. హైపీరియన్ అనే చెట్టు 115.9 మీటర్లు, అంటే 380 అడుగులు. మన నెల్లూరు రంగనాయకుల గుడి గాలిగోపురాలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దాని కొన అందదు. రెండోది జెయింట్ సెక్వోయా. అది సముద్రానికి దూరంగా, సియెర్రా నెవాడా కొండల పడమటి వాలులో పెరుగుతుంది. ఎత్తు కాస్త తక్కువే గానీ లావు, బరువు దానివే. నాన్నగారు అడవి మనిషి కాబట్టి రెండూ చూడాలి. ఒకటి చూసి రెండోది చూడకపోతే సగం చూసినట్టే.

శని, ఆదివారాలకు అందరూ చెప్పేది మ్యూర్ వుడ్స్. మంచి అడవే. 1908లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. చెట్లు చాలావరకు 600 నుంచి 800 ఏళ్లవి. కానీ శాన్ హోసే నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాటి పోవాలి, వారాంతం ట్రాఫిక్‌లో రెండు గంటలు. చివర్లో రోడ్డు సన్నం, మలుపులు. కారు నిలపడానికి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి (90 రోజుల ముందు నుంచి దొరుకుతాయి), అది లేకుండా పోతే వెనక్కి పంపేస్తారు. పార్కింగ్‌కు సుమారు 10 డాలర్లు, 16 ఏళ్లు దాటినవాళ్లకు ప్రవేశం 15 డాలర్లు. ఇంకో తంటా ఏమిటంటే అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. రిజర్వేషన్ ఈమెయిల్‌లో ఉందిలే అని గేటు దగ్గర తెరవబోతే తెరుచుకోదు. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదా ప్రింటు తీసుకోవాలి.

శాన్ హోసేలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది హెన్రీ కోవెల్ స్టేట్ పార్కు. ఫెల్టన్ అనే చిన్న ఊరి పక్కన, 30 మైళ్ల దూరం. రెడ్‌వుడ్ గ్రోవ్ లూప్ అని 0.8 మైలు దారి ఉంది, పూర్తిగా చదును, చక్రాల కుర్చీ కూడా పోతుంది. అన్నింటిలోకి పెద్దది 277 అడుగుల ఎత్తు, 16 అడుగుల వెడల్పు. ఎత్తులో మ్యూర్ వుడ్స్‌లోని అతి పెద్ద చెట్టు కంటే ఇదే ఎక్కువ. ఈ పార్కుకు అంత పేరు లేదు కాబట్టి జనం తక్కువ, అంతే తేడా. కారుకు 10 డాలర్లు. పక్కనే రోరింగ్ క్యాంప్ అని పాత ఆవిరి ఇంజిన్ రైలు ఉంది, రెడ్‌వుడ్ల మధ్యగా కొండ మీదికి తీసుకెళ్లి గంటంపావులో తిరిగి తెస్తుంది. అమ్మ నడవలేనన్నా కూర్చునే అడవి చూడొచ్చు. దానికి టిక్కెట్టు వేరు, వారాంతాల్లో ముందే తీసుకోవాలి. 17వ నంబరు హైవేలో మలుపులున్నాయి గానీ కాసేపే. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టండి.

దారి పక్కన ఆకులు మూడు మూడుగా ఉన్న పొద కనిపిస్తే చీర కొంగు కూడా తగలనివ్వొద్దు. దాన్ని పాయిజన్ ఓక్ అంటారు. దాని జిడ్డు బట్టకు అంటి, బట్ట నుంచి చేతికి అంటి దద్దుర్లు లేస్తాయి. దారి మధ్యలో నడిస్తే ఏమీ కాదు.

చీమకుర్తి_రాయి:

మూడు రోజుల సెలవుకు సెక్వోయా, కింగ్స్ కాన్యన్. రెండు పార్కులూ ఆనుకునే ఉంటాయి, టిక్కెట్టు ఒకటే. దీంట్లో జనం తప్పు చేసేది దారి దగ్గర. మ్యాపు చూసి దక్షిణాన త్రీ రివర్స్ అనే ఊరి మీదుగా 198వ నంబరు హైవేలో ఎక్కుతారు. ఆ ఘాట్‌లో 130 మలుపులు, 12 హెయిర్‌పిన్ బెండ్లు అని పార్కువాళ్లే చెబుతారు. వాంతులున్న మనిషిని అటు తీసుకుపోవద్దు. 101లో గిల్రాయ్ దాకా వచ్చి 152, అక్కడి నుంచి 99లో ఫ్రెస్నో, ఫ్రెస్నో నుంచి 180లో తూర్పుకు ఎక్కండి. అటు బిగ్ స్టంప్ గేటు వస్తుంది. ఆ రోడ్డు వెడల్పు, మలుపులు పెద్దవి. శాన్ హోసే నుంచి మొత్తం నాలుగు గంటల పైనే పడుతుంది. వాంతి మాత్ర అలవాటైతే ఫ్రెస్నోలో కొండ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి, మలుపుల్లోకి పోయాక వేసుకుంటే పనిచేయదు.

మొదటి రోజు మధ్యాహ్నం బయలుదేరి ఫ్రెస్నోలో పడుకోండి. మన భోజనం దొరుకుతుంది, లాడ్జీలు కొండ మీద కంటే చౌక. రెండో రోజు ఉదయం ఆరున్నరకల్లా కదిలితే ఎనిమిదికి గేటు. గేటు దాటాక ముందు వచ్చే జనరల్ గ్రాంట్ అనే పెద్ద చెట్టు దగ్గర ఆగాలనిపిస్తుంది, ఆగొద్దు. నేరుగా ఇంకో గంట పోయి జనరల్ షెర్మన్ చెట్టు ముందు చూడండి. కారణం పార్కింగ్. పది దాటాక షెర్మన్ దగ్గర చోటు దొరకదు, గ్రాంట్ దగ్గర సాయంత్రమైనా దొరుకుతుంది.

షెర్మన్ లెక్క చెబుతాను. ఎత్తు 275 అడుగులు, మొదట్లో చుట్టుకొలత 102 అడుగుల పైచిలుకు, ఒక్క కాండమే 52,500 ఘనపుటడుగులు. ప్రపంచంలో ఒంటి కాండం చెట్లలో ఘనపరిమాణంలో ఇదే పెద్దది. వయసు సుమారు 2,200 ఏళ్లు. చిక్కల్లా దారిలోనే. పెద్ద పార్కింగ్ పైన ఉంటుంది, చెట్టు కింద ఉంటుంది. అర మైలు దిగాలి, మధ్యమధ్య మెట్లు, మళ్లీ అదంతా ఎక్కాలి. పైగా అది 7,000 అడుగుల ఎత్తు, ఊటీ కంటే కాస్తే తక్కువ. మైదానం నుంచి నేరుగా వచ్చినవాళ్లకు వంద అడుగులు వేసేసరికి ఆయాసం వస్తుంది.

మీ అమ్మగారికి ఉపాయం ఉంది. వేసవిలో పార్కు లోపల ఉచిత షటిల్ బస్సు తిరుగుతుంది. దానికి పైన పార్కింగ్ దగ్గర ఒక స్టాపు, కింద చెట్టుకు దగ్గరగా రోడ్డు మీద ఇంకో స్టాపు. కింది స్టాపు నుంచి చెట్టు దాకా మెట్లు లేని దారి. చాలామంది నడిచి దిగి, బస్సులో పైకి వస్తారు. మీ అమ్మకు దిగడమే కష్టం కాబట్టి రానూ పోనూ బస్సే ఎక్కించండి. నాన్న మెట్ల దారిలో దిగి చెట్టు దగ్గర కలుస్తారు. వికలాంగుల ప్లకార్డు (కారులో తగిలించే అనుమతి కార్డు) ఉన్న కార్లకు కింద రోడ్డు పక్కనే పార్కింగ్ ఉంది. ప్లకార్డు లేకపోతే విజిటర్ సెంటర్‌లో మోకాళ్ల సంగతి చెప్పి అడగండి.

తర్వాత జెయింట్ ఫారెస్టు మ్యూజియం దగ్గర బిగ్ ట్రీస్ ట్రైల్. ఒక పచ్చిక చుట్టూ చదునైన దారి, నిదానంగా గంట. నన్నడిగితే షెర్మన్ కంటే ఇదే బాగుంటుంది, కంచె చుట్టూ ఫొటోల గుంపు ఉండదు. మోరో రాక్ జోలికి పోవద్దు, 350కి పైగా మెట్లు. పడిపోయిన చెట్టు కింద నుంచి కారు పోయే టన్నెల్ లాగ్ అటువైపే ఉంది గానీ వేసవి వారాంతాల్లో ఆ రోడ్డులో సొంత కార్లను పోనివ్వరు.

తిరుగుదారిలో సాయంత్రం జనరల్ గ్రాంట్. 268 అడుగులు. పార్కింగ్ నుంచి చెట్టు దాకా సిమెంటు దారి, మొత్తం చుట్టు మైలులో మూడో వంతు. మధ్యలో ఫాలెన్ మోనార్క్ అని బోలుగా ఉన్న మాను పడి ఉంటుంది, మనుషులు నిటారుగా నిలబడి అందులో నుంచి నడిచి పోతారు.

పెట్రోలు ఫ్రెస్నోలోనే ట్యాంకు నింపాలి. పార్కు లోపల బంకు లేదు.

పెన్నా_గట్టు:

పై ఇద్దరూ దూరం చూసి ఉత్తరాన్ని వదిలేశారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అసలు సుఖమైనది అవెన్యూ ఆఫ్ ద జెయింట్స్. 101కి పక్కగా 31 మైళ్ల పాత రోడ్డు, రెండు వైపులా రెడ్‌వుడ్లు, కారు దిగకుండానే చూడొచ్చు. మధ్యలో ఫౌండర్స్ గ్రోవ్, అర మైలు చదును చుట్టు. అక్కడ డయర్‌విల్ జెయింట్ అనే చెట్టు 1991లో కూలి అలాగే పడి ఉంది, తీయలేదు. నిలబడ్డ చెట్టు ఎత్తు కంటికి ఆనదు. పడిపోయిన దాని పక్కన వేరు నుంచి కొన దాకా నడిస్తే అప్పుడు తెలుస్తుంది. కొండ ఎత్తు లేదు, ఆయాసం లేదు. ఇంకా పైకి ఓరిక్ అనే ఊరు దాటితే ప్రెయిరీ క్రీక్ పార్కులో బిగ్ ట్రీ అని పార్కింగ్ నుంచి నాలుగడుగుల్లో చెట్టు. లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్ ఒకటిన్నర మైలు, దాదాపు చదును. రెడ్‌వుడ్ నేషనల్ పార్కుకు ప్రవేశ రుసుమే లేదు.

హైపీరియన్ దగ్గరికి తీసుకుపోతామని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను నమ్మొద్దు. దారి లేదు, జనం తొక్కి వేళ్లు పాడయ్యాయని 2022లో ఆ ప్రాంతం మూసేశారు. పోతే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు.

సింగరాయకొండ_ప్యాసింజర్:

పెన్నా గట్టు గారూ, అవెన్యూ సంగతి ఒప్పుకుంటాను. కానీ శాన్ హోసే నుంచి అక్కడికి ఐదు గంటలు, ఓరిక్‌కు ఇంకో రెండు. మూడు రోజుల్లో రెండు కారులోనే పోతాయి. పైగా 101 ఉత్తరాన మలుపులు తక్కువేం కాదు. రెడ్‌వుడ్‌ను ఫెల్టన్‌లో చూపిస్తున్నప్పుడు మూడు రోజులు సెక్వోయాకే పెట్టాలి. నాలుగైదు రోజులుంటే మీరు చెప్పిందే మేలు.

డబ్బుల సంగతి ఎవరూ చెప్పలేదు, అసలు దెబ్బ అక్కడే. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు దాటిన సందర్శకుల దగ్గర 11 పెద్ద పార్కుల్లో మామూలు రుసుముకు అదనంగా మనిషికి 100 డాలర్లు తీసుకుంటున్నారు. సెక్వోయా, కింగ్స్ కాన్యన్, యోసెమిటీ ఆ జాబితాలో ఉన్నాయి. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్న ఇద్దరికీ 200, కారుకు 35, మొత్తం 235. నివాసం లేనివాళ్లకు ఏడాది పాసు 250 డాలర్లు. అంటే ఆ ట్రిప్పులో గ్రాండ్ కాన్యన్‌కో యోసెమిటీకో కూడా పోయే ఆలోచన ఉంటే పాసు కొనడమే లాభం. ఒక్క సెక్వోయాకే అయితే 15 డాలర్లు దండగ. పెద్దవాళ్లకని ఉన్న సీనియర్ పాసు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే, 69 ఏళ్లున్నా నాన్నకు ఇవ్వరు. మ్యూర్ వుడ్స్ ఆ 11లో లేదు. హెన్రీ కోవెల్ రాష్ట్ర పార్కు, దాంట్లో ఈ పాసు చెల్లదు. బయలుదేరే వారంలో పార్కు సైటులో ఫీజుల పేజీ ఒకసారి చూసుకోండి.

కొత్తపట్నం_వృక్షశాస్త్రం:

నాన్నగారు ఫారెస్టులో చేశారన్నారు కాబట్టి ఆయన అక్కడ ఏం గమనించాలో రాస్తున్నాను.

రాపూరు, వెలిగొండల్లో ఆయన కాపలా కాసిన ఎర్రచందనానికి, ఈ రెడ్‌వుడ్, సెక్వోయాలకు చుట్టరికం లేదు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబం, పూసి కాయ కాస్తుంది. ఇవి రెండూ శంకుకాయల చెట్లు, పువ్వు ఉండదు. దొంగలు మాత్రం అక్కడా ఉన్నారు. రెడ్‌వుడ్ మొదట్లో కణితిలా ఊరే భాగాన్ని బర్ల్ అంటారు. దాని చారలు అందంగా ఉంటాయని బల్లలకు, గడియారాలకు రంపంతో కోసుకుపోతుంటే 2014లో ఉత్తర పార్కులో ఒక రోడ్డును రాత్రిపూట మూసేయాల్సి వచ్చింది. కణితి పోతే చెట్టుకు పిలకలు వేసే శక్తి పోతుంది. రెడ్‌వుడ్ గింజతోనే కాదు, మొదలు నుంచి పిలకలతో కూడా లేస్తుంది. చచ్చిన తల్లి మాను చుట్టూ వలయంగా నిలబడ్డ చెట్లు ఫెల్టన్‌లో చాలా కనిపిస్తాయి, అవన్నీ ఆ పిలకలే.

సెక్వోయా అలా కాదు, గింజ మీదే ఆధారం. కాయ కోడిగుడ్డంత ఉంటుంది. పచ్చిగా మూసుకుని 20 ఏళ్ల దాకా కొమ్మనే అంటిపెట్టుకుంటుంది. కింద నిప్పు రేగి వేడి గాలి పైకి తగిలితే కాయ ఎండి పొరలు విచ్చుకుంటాయి, గింజలు రాలి బూడిద మీద పడతాయి. ఒక పౌను తూకానికి సుమారు 91,000 గింజలు, అంత చిన్నవి. ఆకుల చెత్త మందంగా ఉంటే ఆ గింజ వేరు మట్టిని అందుకోలేదు. అమెరికా వాళ్లు చాలా ఏళ్లు అడవిలో ప్రతి మంటనూ ఆర్పేశారు, దాంతో కొత్త మొక్క రాలేదు, కింద కట్టె పేరుకుంది. ఆ కట్టెకు కరువు తోడై 2020, 2021 మంటల్లో ప్రపంచంలోని పెద్ద సెక్వోయాల్లో 13 నుంచి 19 శాతం చచ్చిపోయాయి. 2021లో షెర్మన్ మొదలుకు మంట తగలకుండా అల్యూమినియం రేకు చుట్టారు. వేసవిలో మంటలు పెట్టొద్దని మనకు నేర్పిన పాఠంతో పెరిగిన ఫారెస్టు మనిషికి, పార్కువాళ్లే కావాలని నిప్పు పెట్టి కాల్చిన చోట్లు చూస్తే వాదన పెట్టుకోవాలనిపిస్తుంది. రేంజర్లతో పెట్టుకోమనండి, ఓపిగ్గా చెబుతారు.

బెరడును బొటనవేలితో నొక్కి చూడమనండి (కంచె లేని చెట్టు దగ్గర, దారి దిగకుండా). దాల్చినచెక్క రంగులో పీచుపీచుగా ఉంటుంది, నొక్కితే లోపలికి పోతుంది. మొదట్లో రెండడుగుల మందం దాకా ఉంటుంది, జిగురు దాదాపు లేదు, టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. నిప్పు అంటుకోకపోవడానికి, చెద పట్టకపోవడానికి కారణం అదే. చాలా చెట్ల మొదట్లో గుడారం ఆకారంలో నల్లటి గుహ కనిపిస్తుంది, పాత మంటల మచ్చ. అంచుల్లో కొత్త బెరడు ఒరుసుకుంటూ దాన్ని మూస్తూ వస్తుంది, ఆ మడత చేత్తో తడిమితే తెలుస్తుంది.

ఇంత చెట్టుకు తల్లివేరు లేదు. వేళ్లు పది, పదిహేను అడుగుల లోతు మించవు, పక్కలకు పాకుతాయి. అందుకే ఫొటో కోసం కంచె దాటొద్దంటారు. మట్టి తొక్కుడుకు గట్టిపడితే ఆ పైవేళ్లకు నీరు, గాలి అందవు. రాలిన కాయ ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, అది నేరం.

ఆయనకు ఓపికుంటే బిగ్ స్టంప్ గేటు దగ్గర మార్క్ ట్వైన్ అని పేరు పెట్టిన సెక్వోయా మొద్దు చూపించండి. 1891లో మ్యూజియం కోసం నరికారు, ఇద్దరు మనుషులకు 13 రోజులు పట్టింది. దాని అడ్డుకోత ముక్క న్యూయార్కులో ఉంది, 1,300కు పైగా వలయాలు. ఆ చుట్టుపక్కల నరికిన చెట్ల కలప పెళుసు, పడేటప్పుడే ముక్కలయ్యేది. అంత చెట్టును కొట్టి చివరికి కంచె గుంజలకు, ద్రాక్ష తోటల కర్రలకు వాడారు. ఆ దారి ఎగుడుదిగుడు, అమ్మగారికి వద్దు.

నెల్లూరు_మొలగొలుకులు:

చాలా చాలా థాంక్సండీ. ఆదివారం ఫెల్టన్, రైలుతో సహా. మూడు రోజుల సెలవుకు ఫ్రెస్నో మీదుగా సెక్వోయా. అన్నకు పంపించేశాను. బట్టలు, తిండి మాత్రం మిగిలాయి. అమ్మ పులిహోర, ఆవకాయ లేకుండా కదలదు, కారులో పెట్టుకుపోవచ్చా?

చీమకుర్తి_రాయి:

పులిహోర పెట్టుకోండి, పైన తినడానికి సరిగ్గా దొరకదు. కానీ కారులో వదిలి నడకకు పోవద్దు. అక్కడ నల్ల ఎలుగుబంట్లున్నాయి, వాసనకు కారు తలుపు వంచేస్తాయి. ఆవకాయ సీసా మూత బిగించాం కదా అంటే కుదరదు, మనకు రాని వాసన వాటికి వస్తుంది. పార్కింగ్ దగ్గర గోధుమరంగు ఇనుప పెట్టెలుంటాయి. తిండి, చాక్లెట్లు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, అగరుబత్తీలు, ఖాళీ టిఫిన్ గిన్నెలు, చెత్త కవరు అన్నీ అందులో పెట్టి గొళ్లెం పూర్తిగా పడిందో లేదో లాగి చూడాలి. కారులో తిండి దొరికితే జరిమానా వేస్తారు.

బట్టలు రెండు రకాలు పెట్టుకోవాలి. ఫ్రెస్నోలో జూలై అంటే 38, 40 డిగ్రీలు, నెల్లూరోళ్లకు లెక్క కాదు. అక్కడి నుంచి గంటన్నరలో పైకి పోతే పగలు 24, పొద్దుటిపూట 10. చీర మీద వేసుకునే స్వెటర్ చేతికి అందేలా ఉంచండి, సూట్‌కేసు అడుగున కాదు. ఫెల్టన్‌లో కూడా పొద్దున పొగమంచు. చెప్పులు వద్దు, అమ్మకు మడమ గట్టిగా ఉన్న బూట్లు, అడుగున రబ్బరున్న చేతికర్ర. నాన్న బీపీ మాత్ర మామూలు వేళకే వేసుకోవాలి, నీళ్లు మనిషికి రెండు లీటర్లు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే కాసేపు కూర్చోబెట్టండి, తగ్గకపోతే కిందికి దింపండి, అంతకంటే మందు లేదు.

ఆఫ్‌లైన్ మ్యాపు ఫ్రెస్నోలోనే దించుకోండి. ముందురోజు రాత్రి పార్కు సైటులో హెచ్చరికలు చూడండి. ఆ నెలలో ఎక్కడైనా మంట రేగితే పొగ లోయల్లో నిండుతుంది, రోడ్లు మూస్తారు. అలా అయితే లాడ్జి రద్దు చేసుకుని పెన్నా గట్టు గారు చెప్పిన అవెన్యూ వైపు తిరగండి. అందుకే ఫ్రెస్నో గది రద్దుకు వీలున్న రేటులోనే తీసుకోండి, నాలుగు డాలర్లు ఎక్కువైనా.